ఒంటికే ముందు తెలుస్తుంది



మీలో చాలామంది పేర్లు నాకు తెలియవు. మీరుండే గదులు మాత్రం తెలుసు. హైదరాబాద్ అశోక్ నగర్ సందుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే గదులు, గోడల నిండా అంటించిన భారతదేశ పటాలు, కరెంట్ అఫైర్స్ కాగితాలు. విజయవాడ చుట్టుపక్కల ఇంటర్ కాలేజీల హాస్టళ్లు, తెల్లవారకముందే మొదలయ్యే స్టడీ అవర్లు. మాదాపూర్, గచ్చిబౌలి పీజీలు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ముగ్గురు కలిసి అద్దె కట్టే అపార్ట్‌మెంట్లు. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని. నా దగ్గర చదివినవాళ్ల పిల్లలు, మా అక్కచెల్లెళ్ల మనవలు ఇప్పుడు ఆ గదుల్లోనే ఉన్నారు. వాళ్లతో మాట్లాడిన ప్రతిసారీ ఒక దిగులు పట్టుకుంటోంది. వాళ్లకు ఒత్తిడి ఉందని కాదు. ఒత్తిడి లేని బతుకు ఎవరికుంది? అది తమ లోపల ఎంత మేర పెరిగిందో వాళ్లకు తెలియడం లేదు. ఫోనులో గొంతు వినగానే అమ్మకు తెలుస్తోంది. పక్క మంచం వాడికి తెలుస్తోంది. ఒంటికి అందరికంటే ముందే తెలుస్తోంది. మోస్తున్న మనిషికే చివరన తెలుస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

బైపీసీ చదివినవాళ్లకు అధివృక్క గ్రంథులు గుర్తుండాలి. రెండు మూత్రపిండాల నెత్తిన చెరొకటి ఉంటాయి, ఒక్కోటీ నాలుగైదు గ్రాముల బరువు. మిగతా గ్రూపుల వాళ్ల కోసం చెబుతున్నాను. రాత్రిపూట బండి మీద వస్తుంటే వీధికుక్క వెంటపడిందనుకోండి. మీరు ఆలోచించేలోపే ఆ గ్రంథుల నుంచి ఎడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాలేయం దాచుకున్న చక్కెరను వదులుతుంది. రక్తం కండరాల వైపు మళ్లుతుంది, పొట్టకు తగ్గుతుంది. నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమరుస్తాయి. భయం, కోపం, ఆకలి, నొప్పి కలిగినప్పుడు శరీరంలో వచ్చే ఈ మార్పుల మీద హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త 1915లోనే పుస్తకం రాశారు. తిరగబడటానికో పారిపోవడానికో ఒళ్లు చేసుకునే సన్నాహం ఇది. ఇందులో జబ్బేమీ లేదు. కుక్క వెనక్కి తిరిగిపోయాక కాసేపటికి గుండె మళ్లీ తన దారిన తాను కొట్టుకుంటుంది, ఇంటికెళ్లి అన్నం తింటారు, ఆ సంగతి నవ్వుతూ చెబుతారు.

కుక్క వెళ్లిపోతుంది. ఉద్యోగాల నోటిఫికేషన్ వెళ్లదు. తెలంగాణ గ్రూప్-1 చూడండి. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు లీకయ్యాయని 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్, ఆ తర్వాతా కోర్టులే. ఒకే పరీక్ష కోసం ఇన్నేళ్లు ఒక పిల్ల అదే గదిలో, అదే కుర్చీలో, అవే పుస్తకాల ముందు కూర్చుంది. వయసు పెరుగుతోంది, ఊళ్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి, తమ్ముడు ఉద్యోగంలో చేరి ఇంటికి డబ్బు పంపుతున్నాడు. ఆ పిల్ల ఒంట్లో సన్నాహం మొదలైంది మొదలైనట్టే ఉంది. తిరగబడటానికి ఎదురుగా ఎవరూ లేరు, పారిపోవడానికి దారి లేదు.

అలా సన్నాహంలోనే ఉండిపోయిన శరీరానికి ఏమవుతుందో హాన్స్ సెల్యే అనే ఆయన ఎలుకల్లో చూశారు. కెనడాలోని మాంట్రియల్‌లో, ఏదో కొత్త హార్మోను దొరుకుతుందేమోనని ఎలుకలకు రకరకాల సారాలు ఎక్కిస్తున్నారు. ఏది ఎక్కించినా మూడు మార్పులే కనిపించాయి. అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి పనికొచ్చే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, పొట్టలో పుండ్లు పడ్డాయి. చలిలో ఉంచినా, ఒళ్లు అలిసేదాకా పరుగెత్తించినా అంతే. 1936లో నేచర్ పత్రికలో ఒక చిన్న లేఖగా దీన్ని అచ్చు వేశారు. కష్టం ఏదైనా శరీరం ఒకే తీరున స్పందిస్తుందన్నది ఆ లేఖ సారాంశం. ఆయన చెప్పినవాటిని తర్వాతివాళ్లు సరిదిద్దారు. మనుషుల పొట్టలో పుండ్లకు చాలావరకు ఒక బాక్టీరియా కారణమని తేల్చిన ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకు 2005లో నోబెల్ కూడా వచ్చింది. మూల విషయం మాత్రం నిలబడింది. ఎడ్రినలిన్ వచ్చి పోతుంది. దాని వెనక వచ్చే కార్టిసాల్ అనే హార్మోను నెలల తరబడి ఎక్కువగా ఉంటే నిద్ర, ఆకలి, జ్ఞాపకశక్తి, రక్తపోటు, నెలసరి అన్నీ గాడి తప్పుతాయి.

ఇక గుర్తుల సంగతి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అందరూ పెద్ద లక్షణాల కోసం ఎదురుచూస్తారు. పెద్దవి వచ్చేనాటికి ఆలస్యమవుతుంది.

తరగతిలో బల్లల మధ్య తిరిగేటప్పుడు నేను పిల్లల ముఖాల కంటే చేతులు ఎక్కువ చూసేదాన్ని. ప్రాక్టికల్ రికార్డులో బొమ్మ గీసేటప్పుడు పెన్సిల్ ఎంత ఒత్తి గీస్తున్నారో కాగితం వెనక తడిమితే తెలిసేది. మామూలుగా సన్నని గీత గీసే పిల్ల ఒక వారం కాగితం చిరిగేటట్టు గీసిందంటే ఇంట్లోనో హాస్టల్లోనో ఏదో జరిగిందన్నమాట. అడిగితే ఏమీ లేదు మేడమ్ అనేది. అబద్ధం చెప్పేది కాదు. నిజంగానే దానికి ఇంకా తెలియదు. రెండు వారాలు పోయాక జ్వరమో కడుపునొప్పో వచ్చి తరగతికి రాకపోయేది.

మీ దగ్గర పెన్సిల్ లేకపోవచ్చు. వేరేవి ఉంటాయి. పొద్దున లేచేసరికి దవడలు నొప్పిగా ఉంటాయి, రాత్రంతా పళ్లు కొరికారు కాబట్టి. భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. ఇది చదువుతూ ఒకసారి చూసుకోండి. ఒకే పేరా మూడుసార్లు చదివినా తలకెక్కదు. తాళాలు, గ్యాస్ బుకింగ్, అప్పుడే చూసిన ఓటీపీ, అన్నీ మరిచిపోతారు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి పొట్టలో తిప్పినట్టుంటుంది, సోమవారం స్టాండప్ మీటింగు గుర్తొచ్చి. నోటిపూత తగ్గదు. జుట్టు చేతికి వస్తుంది. కనురెప్ప అదురుతూ ఉంటుంది. ఆకలి చచ్చిపోతుంది, లేకపోతే రాత్రి పదకొండింటికి బిర్యానీ తప్ప ఇంకేదీ సయించదు.

ఒంట్లోవి ఇవైతే నడతలో వచ్చేవి ఇంకా ముఖ్యం. అమ్మ ఫోను చేసి తిన్నావా అని అడుగుతుంది. ఆ ఒక్క మాటకే ఒళ్లు మండుతుంది, తిన్నాలే అని కసిరి పెట్టేస్తారు. తర్వాత బాధపడతారు, ఆ బాధతో మళ్లీ ఫోను చేయరు. స్నేహితుల పెళ్లి పిలుపులు వస్తే సంతోషం కాక విసుగు వస్తుంది. స్నానం రేపటికి వాయిదా పడుతుంది. ఉతకాల్సిన బట్టలు కుర్చీ మీద పేరుకుంటాయి. ఇష్టంగా చూసే క్రికెట్ మ్యాచ్ మధ్యలోనే ఆపేస్తారు. ఒంటిగంట దాటినా ఫోను పక్కన పెట్టబుద్ధి కాదు, ఎందుకంటే పగలంతా కంపెనీదో కోచింగ్ సెంటరుదో అయిపోయింది, ఆ రెండు గంటలే సొంతం అనిపిస్తుంది.

మగపిల్లల్లో దిగులు చాలాసార్లు కోపం వేషంలో వస్తుంది. ఏడవకూడదని చిన్నప్పటి నుంచీ మనమే నేర్పాం కదా. ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి వేగం పెరుగుతుంది, వారాంతపు బీరు వారం మధ్యలోకి వస్తుంది, ప్రతి మాటకూ వాదన పెట్టుకుంటారు. ఆడపిల్లల్లో మౌనం వేషంలో వస్తుంది. నెలసరి ముందుకో వెనక్కో జరుగుతుంది. ఉద్యోగం చేసే పెళ్లయిన అమ్మాయి అయితే ఆఫీసు పని ముగిశాక ఇంట్లో రెండో పని మొదలవుతుంది, ఆ రెండోదాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు కాబట్టి అలసటనూ లెక్కపెట్టరు. నేను ఇంత చిన్నదానికి అలిసిపోతున్నానేమిటి అని తనని తానే తిట్టుకుంటుంది. తల్లీ, అది చిన్నది కాదు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ కానట్టే ఉంటాయి. అందుకని ఒక పని చేయండి. నోటుబుక్కు ఆఖరి పేజీలో రోజూ పడుకునే ముందు ఒక్క వరుస రాయండి. నిన్న ఎన్నింటికి నిద్రపట్టింది, ఇవాళ ఏం తిన్నాను, ఎవరి మీద విసుక్కున్నాను. వ్యాఖ్యానం అక్కర్లేదు. రెండు వారాల తర్వాత ఆ పేజీ చూడండి. మీ మనసు బాగానే ఉన్నాను అని ఎంత చెప్పినా ఆ పేజీ నిజం చెబుతుంది. ఇంకొకటి, కొంచెం ధైర్యం కావాలి. మీతో ఉండేవాళ్లలో ఒకరిని, ఈమధ్య నేనెలా ఉన్నాను అని అడగండి. జవాబు వచ్చాక సమర్థించుకోకండి. ఊరికే వినండి.

గుర్తుపట్టిన తర్వాత ఏం చేయాలి? ఇక్కడ మీకు పాజిటివ్‌గా ఆలోచించమని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నాకు ఆ సలహా నచ్చదు. కార్టిసాల్ తలకెక్కిన మనిషి ఆలోచనతోనే ఆలోచనను మార్చుకోలేడు. ఒంటిని ముందు దారికి తేవాలి, మనసు దాని వెంట వస్తుంది.

అన్నిటికంటే దగ్గరున్నది ఊపిరి. మనం ఊపిరి తీసుకున్నప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండె మీదుగా పొట్టదాకా వెళ్లే వేగస్ నాడి ఆ పని చూస్తుంది. కాబట్టి నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకోండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదలడం ఎప్పుడూ తీసుకోవడం కంటే పొడవుగా ఉండాలి. అయిదు నిమిషాలు చాలు. నాలుక అంగిలికి అతుక్కుని ఉంటే వదిలేయండి, భుజాలు దించండి, పిడికిళ్లు విప్పండి. ఇంటర్వ్యూ గది బయట, పరీక్ష హాలులో పేపరు ఇచ్చే ముందు, మేనేజరు నుంచి మెయిల్ చూసిన మరుక్షణం, ఎక్కడైనా చేయవచ్చు, పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు.

రెండోది నడక. రక్తంలో చక్కెర కలిపి, కండరాలు బిగించి, పరుగుకు సిద్ధం చేసి, ఆ మనిషిని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెడుతున్నాం. ఒంటికి ఆ పరుగు ఎంతో కొంత ఇవ్వాలి. అశోక్ నగర్‌లో ఉన్నవాళ్లకు ఇందిరా పార్కు అడుగు దూరం. విశాఖ పిల్లలకు ఆర్కే బీచ్ ఉంది. ఏదీ లేకపోతే హాస్టల్ మేడ మీద నడవండి, చెవుల్లో ఆడియో పాఠం లేకుండా. జిమ్ములో చేరడానికి డబ్బు, సమయం చూసుకుంటూ నెలలు గడపకండి.

నిద్ర గురించి మాత్రం నేను గట్టిగా చెబుతాను, మీరు విసుక్కున్నా సరే. పరీక్షల ముందు నైటౌట్లు చేయడం గొప్పగా చెప్పుకుంటారు. పగలు చదివినది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే. నిద్ర మానేసి చదవడమంటే పగలు చేసిన పనిని రాత్రి చేతులారా పారబోసుకోవడం. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు, ఇంటర్ వయసు పిల్లలకు ఎనిమిది గంటలు, అంతకంటే ఎక్కువా కావాలి. ఆ వయసు పిల్లల్ని తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే ఏ కాలేజీ అయినా జువాలజీ పాఠాన్ని బోర్డు మీద చెబుతూ పిల్లల ఒంటి మీద కాదంటోంది. తల్లిదండ్రులెవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, ఈసారి హాస్టల్‌కు వెళ్లినప్పుడు ర్యాంకుల కంటే ముందు పడుకునే వేళ అడగండి.

టీ, కాఫీలోని కెఫీన్ సగం కరగడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన దాంట్లో సగం పదకొండింటికి కూడా రక్తంలోనే ఉంటుంది. అందుకని సాయంత్రం ఇరానీ చాయ్‌ని మధ్యాహ్నానికి జరపండి. మందు తాగితే నిద్ర పడుతుందనేవాళ్లకు ఒక మాట: పడుతుంది, తెల్లవారుజామున ముక్కలవుతుంది. పడుకునే వేళ రోజూ ఒకటి కాకపోయినా లేచే వేళ ఒకటిగా ఉంచుకోండి, ఆదివారం కూడా. ఫోను తలగడ పక్కన కాక గదికి అవతలి మూల చార్జింగ్ పెట్టండి. పడుకున్నాక రేపటి పనులు తలలో తిరుగుతుంటే లేచి కాగితం మీద పెట్టేయండి. ముగియని పని ముగిసినదాని కంటే మనసును ఎక్కువగా పట్టుకుంటుందని బ్లూమా జైగార్నిక్ అనే మానసిక శాస్త్రవేత్త 1927లోనే రాశారు. కాగితం మీదకు వచ్చిన పనిని మెదడు కాసేపు వదిలిపెడుతుంది.

విశ్రాంతి అంటే చాలామందికి తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. మా ఊళ్లో దుక్కి రోజుల్లో, వాన పడి పదును ఆరిపోతుందన్న తొందరలో కూడా, ఎండెక్కగానే కాడి దించి ఎడ్లను నీళ్లకు తోలుకెళ్లేవారు. పొలం పని తెలిసిన ఎవరూ దాన్ని సోమరితనం అనలేదు. మీరు వారంలో ఒక పూటైనా అలా కాడి దించండి. ఆ పూట ఏం చేయాలన్నది మీ ఇష్టం. పాట పాడేవాళ్లు పాడండి, గల్లీలో క్రికెట్ ఆడండి, గుడికి వెళ్లేవాళ్లు వెళ్లండి, పప్పు వండి పక్క గదివాళ్లకు పెట్టండి. ఏ పరీక్షకూ పనికిరాని పని ఒకటి వారానికొకసారి చేతులకు దొరకాలి.

ఇంతవరకు చెప్పినవి ఒంటిని నిలబెట్టేవి. కారణాన్ని తీసేవి కాదు. రాత్రి పదకొండింటికి ఫోను చేసే మేనేజరు మీ ప్రాణాయామంతో మారడు. అతనితో మాట్లాడాల్సిందే. ఎలా మాట్లాడాలో తెలియక చాలామంది నలిగిపోతారు. కాదనకుండా గడువు చెప్పండి: ఇవాళ ఇది పూర్తి చేస్తాను సార్, అది రేపు మధ్యాహ్నానికి ఇస్తాను, రెండూ ఇవాళే కావాలంటే ఏది ముందో మీరే చెప్పండి. ఇందులో మర్యాద తగ్గలేదు, భారం మాత్రం ఇద్దరి మధ్యా పంచుకున్నారు. కొన్ని చోట్ల అలా అన్నా ఫలితం ఉండదు. అప్పుడు వేరే ఉద్యోగం వెతుక్కోవడం ఓటమి కాదు.

అప్పు అయితే ఇంకో సంగతి. ఇంట్లో చెప్పకుండా లోన్ యాప్‌లలో తీసుకుని, ఒకటి తీర్చడానికి ఇంకొకటి, వాళ్లు మీ ఫోనులోని నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెడతామని బెదిరిస్తుంటే, రాత్రుళ్లు ఒక్కరే కూర్చుని వణికే పిల్లలు నాకు తెలుసు. ఇలా రుణాలిచ్చే యాప్‌లు ఫోనులోని కాంటాక్టులను, ఫొటోలను ముట్టకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. బెదిరింపు నేరం, సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. నాన్నకు చెబితే తిడతాడు. తిట్టనివ్వండి. తిట్టాక తీర్చే దారి వెతికేదీ ఆయనే.

ఇంట్లో చెప్పడం అన్నిటికంటే కష్టమని నాకు తెలుసు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే ఉంటాయి. ఆ 60 రోజుల్లోనూ పొద్దున్నే గడ్డం గీసుకుని, వీడియో కాల్‌లో ఆఫీసుకు వెళ్తున్నానమ్మా అని నవ్వే కొడుకులు ఉన్నారు. బాబూ, ఆ నవ్వు నిలబెట్టడానికే సగం బలం పోతుంది. మీ అమ్మకు చెప్పలేకపోతే అన్నకో మేనమామకో చెప్పండి. ఒక్కరికైనా తెలిసి ఉండాలి. గ్రూప్స్ రాసేవాళ్లు ఇంకో మాట ముందే ఇంట్లో చెప్పేయండి: ఎన్నేళ్లు రాస్తాను, ఏ వయసు దాటాక వేరే దారి చూసుకుంటాను. గడువు ఉన్న కష్టాన్ని ఒళ్లు భరిస్తుంది. గడువు లేనిదాన్ని భరించలేదు.

పరీక్ష తప్పినవాళ్లకు ఒక మాట. శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ పాసవలేదు. తర్వాత హార్వర్డ్‌లో, మన కండరాలు పనిచేయడానికి శక్తినిచ్చే ఏటీపీ గురించి పరిశోధించినవాళ్లలో ఒకరయ్యారు. ఈ కథ చెప్పి మీరూ అంతవారవుతారని నేను ఊరించను. అందరం సుబ్బారావులం కాలేం, కానక్కర్లేదు కూడా. నేను చెప్పదలుచుకున్నది ఒకటే: ఆయన రెండుసార్లు తప్పినప్పుడు కూడా ఆయన మెదడు అదే మెదడు. పరీక్ష కొలిచింది ఆ పూటను.

కొంత ఒత్తిడి మీది కానే కాదు, పైనుంచి మీ మీద పెట్టింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న సంస్థ అర్హత గల కౌన్సిలర్‌ను కనీసం ఒక్కరినైనా పెట్టాలి. మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం, పిల్లల శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి. ఇది మీకు తెలిసి ఉండాలి. మన కాలేజీలో కౌన్సిలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు అని ప్రిన్సిపాల్‌ను అడగండి. ఒక్కరే అడగడానికి భయమైతే పదిమంది కలిసి అడగండి, తల్లిదండ్రుల చేత అడిగించండి.

డాక్టరు ఎప్పుడు కావాలో కూడా చెప్పి ముగిస్తాను. అన్నిటినీ టెన్షన్ ఖాతాలో రాసేయకండి. నీరసం, జుట్టు రాలడం, దడ, మతిమరుపు రక్తహీనత వల్లా వస్తాయి, థైరాయిడ్ వల్లా, బి12 లోపం వల్లా వస్తాయి. మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ. ఒక రక్తపరీక్ష చేయించుకోండి. ఛాతీ నొప్పి వస్తే ఇది టెన్షనే అని మీకు మీరే చెప్పుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, దేని మీదా ఇష్టం లేకపోయినా, నేను లేకపోతే అందరికీ సుఖం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంక ఊపిరి వ్యాయామాలతో సరిపెట్టకండి. మానసిక వైద్యులను కలవండి. ఎర్రగడ్డకు పంపాలిరా వీణ్ని అని నవ్వుకునే అలవాటు మనలో ఉంది. ఆ నవ్వు వల్ల ఎంతమంది గడప దాటలేదో. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఉన్నది మానసిక వైద్యం చేసే ఆసుపత్రి. ఉస్మానియా ఎలాగో అదీ అంతే. మానసిక వైద్యం అందుకోవడం హక్కని 2017 నాటి చట్టం చెప్పింది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూసి శిక్షించకుండా ఆదుకోవాలని కూడా అదే చట్టం చెప్పింది. ఊళ్లో డాక్టరు లేకపోతే టెలీ మానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది, 14416. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు అక్కర్లేదు, రాత్రి ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా మీ పక్క మంచం గురించి. మీలో ఈ గుర్తులు లేకపోవచ్చు, పక్కవాడిలో ఉండవచ్చు. మెస్‌కు రావడం మానేశాడు, వస్తువులు ఊరికే ఇచ్చేస్తున్నాడు, ఇంటివాళ్ల ఫోను తీయడం లేదు. డొంకతిరుగుడు లేకుండా అడగండి: చచ్చిపోవాలనిపిస్తోందా అని. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని జంకుతారు. పుట్టదు, ఒకరు అడిగారన్న ఊరటే కలుగుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు పరిశీలించి చెప్పారు. అవునంటే ఉపన్యాసం ఇవ్వకండి, తల్లిదండ్రుల కష్టం గుర్తుచేయకండి. ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలకండి. 14416 మీరే కలిపి ఫోను అతని చేతికివ్వండి, ఇంటివాళ్లకు మీరే చెప్పండి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే చెప్పండి. తెల్లవారాక డాక్టరు దగ్గరకు మీరే తోడు వెళ్లండి.

ఆశీస్సులతో,
మీ జువాలజీ మేడమ్